ఇంట్లో ఉన్న .32 రివాల్వర్‌తో పోటీకి దిగాలంటే: ఎంపిక నుంచి పిడి చెక్కించుకోవడం దాకా

మా నాన్న తొంభైల్లో మైపాడు వైపు రొయ్యల గుంటలు వేసినప్పుడు లైసెన్సు మీద కొన్న రివాల్వర్ అది. రొయ్యలు పట్టి అమ్మే పట్టుబడి రోజున చేతిలో డబ్బు, చీకట్లో ఒంటరి దారి, అందుకని. ఆయన దాన్ని కాల్చింది ఏ నాలుగైదు సార్లో. ఆయన పోయాక వారసుడిగా అర్జీ పెట్టుకుని నా పేరు మీదికి మార్పించుకున్నాను. చెల్లుబాటు తమిళనాడుకి కూడా పొడిగించుకున్నాక చెన్నయిలో 25 మీటర్ల రేంజికి తీసుకెళ్లాను. అయిదు తూటాలు కాల్చాను. మూడు టార్గెట్ కార్డు మీద అక్కడొకటి ఇక్కడొకటి పడ్డాయి, రెండు ఎటు పోయాయో ఈనాటికీ తెలీదు. తుపాకీ పాతబడింది, బ్యారెల్ అరిగిపోయింది అని సణుగుతుంటే అక్కడి కోచ్ నవ్వి, అదే రివాల్వర్‌తో, అవే తూటాలతో అయిదు కాల్చాడు. అయిదూ ఒక దోసెడు చోటులోనే. కాకపోతే పడాల్సిన చోటికి జానెడు కంటే కాస్త తక్కువ కిందికి పడ్డాయి.

ఆడలేక మద్దెల ఓడన్నది నా సంగతే. అయితే మద్దెల కూడా కాస్త ఓడే. చేతి తప్పు ఎంత, తుపాకీ తప్పు ఎంత అని విడదీసుకోవడమే ఈ పనిలో సగం. నెల్లూరు, ఒంగోలు వైపు లైసెన్సు రివాల్వర్ ఉండి, దాంతో షూటింగ్ పోటీకి వెళ్దామా అనుకునే వాళ్లు నన్ను అడుగుతుంటారు. వాళ్ల కోసం, నేను డబ్బులు తగలేసి నేర్చుకున్న వరసలోనే రాస్తున్నాను.

ముందు ఏ ఆటో తేల్చుకోండి

రివాల్వర్‌కి చోటున్న పోటీ అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నిబంధనల్లో ప్రధానంగా ఒకటే: పురుషుల 25 మీటర్ల సెంటర్ ఫైర్ పిస్టల్. ఒలింపిక్స్‌లో లేదు గానీ ప్రపంచ చాంపియన్‌షిప్‌లోనూ మన జాతీయ పోటీల్లోనూ ఉంది. 2006 దోహా ఆసియా క్రీడల్లో జస్పాల్ రాణా 590 పాయింట్లతో అప్పటి ప్రపంచ రికార్డును సమం చేసింది ఇందులోనే. 7.62 మి.మీ. నుంచి 9.65 మి.మీ. దాకా క్యాలిబర్, అంటే తూటా లావు, ఉండొచ్చు కాబట్టి మన .32 (ఇది అంగుళాల్లో) ఇబ్బంది లేకుండా సరిపోతుంది.

మొత్తం 60 షాట్లు, 600 పాయింట్లు. మొదటి 30 నింపాదిగా కాల్చేవి: అయిదు షాట్ల సిరీస్‌కి అయిదు నిమిషాలు, అలాంటివి ఆరు. తర్వాతి 30 వేగంగా కాల్చేవి: టార్గెట్ 3 సెకన్లు కనపడుతుంది, 7 సెకన్లు మాయమవుతుంది, కనపడిన ప్రతిసారీ ఒక్కటే షాట్. ఆ 7 సెకన్ల వల్లే రివాల్వర్‌కి ఇంకా బతుకుంది. ఆ వ్యవధిలో బొటనవేలితో హ్యామర్ (తూటాని పేల్చే వెనకవైపు సుత్తి) వెనక్కి లాగి పెట్టుకోవచ్చు. పైస్థాయిలో అందరూ పార్డినీ, వాల్తర్ లాంటి సెమీ ఆటోమేటిక్ మ్యాచ్ పిస్టళ్లే వాడుతున్నారు, అదే .32 వాడ్‌కట్టర్ అనే చదును ముక్కు తూటాతో. ఇంట్లో ఉన్న రివాల్వర్‌తో వాళ్లని కొట్టేస్తామనే భ్రమ వద్దు. రాష్ట్రస్థాయిలో నిలబడటానికి, ట్రిగ్గర్ మీద వేలు ఎలా కదలాలో నేర్చుకోవడానికి మాత్రం ఇంతకంటే కఠినమైన పంతులు దొరకడు.

ఇంగా లైసెన్సే లేదు, షూటింగ్ కొత్త అంటారా? అయితే రివాల్వర్ జోలికి పోవద్దు. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌తో మొదలుపెట్టండి. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం 4.5 మి.మీ. బోరు, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న గాలి తుపాకీకి లైసెన్సు అక్కర్లేదు, గుర్తింపు పత్రం చూపిస్తే చాలు. ఇంటి వరండాలో 10 మీటర్లు దొరకొచ్చు, 25 మీటర్లు దొరకవు. పిడి, సైట్లు (గురి చూసే రెక్క, గాడి), వేలు గురించి కింద చెప్పబోయేదంతా దానికీ పనికొస్తుంది.

కాగితాలు

దీన్ని తొందరగా ముగించేద్దాం. ఆత్మరక్షణకని ఇచ్చిన లైసెన్సులో క్రీడ అనే మాట ఉండదు. రైఫిల్ క్లబ్బు సభ్యత్వం తీసుకుని, ఆ పత్రంతో కలెక్టరేట్‌లో అడిగి రాతపూర్వకంగా తేల్చుకోండి. పక్క రాష్ట్రం రేంజికి పోవాలంటే లైసెన్సు అక్కడ కూడా చెల్లాలి. రేంజి కాని చోట, మన పొలమైనా సరే, మన చెరువు గట్టయినా సరే, ప్రాక్టీసు పేరుతో కాల్చకూడదు. పెళ్లి ఊరేగింపులో గాల్లోకి కాల్చడానికి 2019 సవరణ రెండేళ్ల దాకా జైలో, లక్ష దాకా జరిమానానో, రెండూనో పెట్టింది.

అన్నిటికంటే ముఖ్యమైంది మార్పుల సంగతి. 1959 ఆయుధాల చట్టంలో 5వ సెక్షన్ ప్రకారం తుపాకీ మరమ్మతు చేసే వాడికి అందుకు లైసెన్సు ఉండాలి. లైసెన్సు లేకుండా బ్యారెల్ పొట్టి చేయడాన్ని 6వ సెక్షన్ నిషేధిస్తుంది. ఆయుధం మీది నంబర్లు, ముద్రలు గీకకూడదు. మీ లైసెన్సు రివాల్వర్‌ని తెలిసిన లేత్ మిషను వాడి చేతిలో ఒక పూట పెట్టి రావడం కూడా తప్పే. అందుకే నేను మార్పుల్ని రెండు కుప్పలు చేశాను: పిడి చెక్కలు మన పని, లోపలి ఇనుము లైసెన్సున్న గన్‌స్మిత్ పని.

కొనేటప్పుడు ఏం చూడాలి

ఉన్నదాన్ని వాడుకునేవాళ్లు కూడా ఇది చదవండి. తమ ఇంట్లోది ఎలా ఉందో తెలుస్తుంది.

మన దేశంలో మామూలు లైసెన్సుదారుడికి దొరికే .32 రివాల్వర్లలో ప్రధానమైనవి మూడు రకాలు. కాన్పూరులో తయారైన పాత ప్రభుత్వ ఫ్యాక్టరీ .32, అంటే వెబ్లీ పద్ధతిలో పైన గొళ్లెం తీస్తే నడుమ దగ్గర విరిగినట్టు తెరుచుకునేది. 2014లో వచ్చిన నిర్భీక్, తేలికది. 2023లో వచ్చిన ప్రబల్, సిలిండర్ (తూటాలు పెట్టే గదులున్న చక్రం) పక్కకి తెరుచుకునేది. ఇవి కాక విదేశీ రివాల్వర్లు పాత లైసెన్సుదారుల నుంచి చేతులు మారుతుంటాయి.

పోటీకైతే తేలికగా ఉండటం గుణం కాదు, లోపం. జేబులో పెట్టుకోవడానికి తేలికది బాగుంటుంది, చేయి చాచి నిలబెట్టడానికి బరువుండాలి. 25 మీటర్ల పోటీలో 1400 గ్రాముల దాకా అనుమతిస్తారు. చేతిలో వెయ్యి గ్రాముల చుట్టుపక్కల ఉంటే బాగా నిలుస్తుంది. నిర్భీక్ సుమారు 500 గ్రాములు. దాన్ని టార్గెట్ మీద నిలపడం గాలిలో దీపం పట్టుకున్నట్టే.

బ్యారెల్ పొడుగు 153 మి.మీ. మించకూడదు. ఆరంగుళాల బ్యారెల్ 152.4 మి.మీ., వెంట్రుకవాసిలో లోపల ఉంటుంది. అలాంటి పాత విదేశీ .32 కనపడితే వదలకండి. పొడుగు బ్యారెల్ వల్ల తూటా సూటిగా పోతుందని చాలామంది అంటారు గానీ అసలు లాభం ముందు సైట్‌కీ వెనక సైట్‌కీ మధ్య దూరం పెరగడంలో ఉంది. లెక్క వేసి చూడండి. సైట్ల మధ్య దూరం 110 మి.మీ. అయితే, ముందు సైట్ అర మిల్లీమీటరు పక్కకి పోయినా 25 మీటర్ల దగ్గర షాట్ 114 మి.మీ. పక్కకి పోతుంది. అదే దూరం 200 అయితే 62 మి.మీ. నింపాది కార్డు మీద పది గుండ్రం అడ్డుకొలత 50 మి.మీ., నల్ల గుండ్రం మొత్తం 200 మి.మీ. అంటే ఒకే వణుకుకి పొట్టి రివాల్వర్ నల్లగుండ్రం దాటేస్తుంది, పొడుగుది ఎనిమిదిలో ఆగుతుంది.

ఇక ఆయుధం ఆరోగ్యం. అన్ని గదులూ ఖాళీ అని కంటితో చూసి, వేలితో తడిమి, మళ్లీ చూసి, అప్పుడు మొదలుపెట్టండి.

హ్యామర్‌ని మెల్లగా, చాలా మెల్లగా వెనక్కి లాగండి. హ్యామర్ పూర్తిగా నిలబడే లోపే సిలిండర్ 'టిక్' మని తన గాడిలో కూచోవాలి. హ్యామర్ నిలబడ్డాక కూడా సిలిండర్ ఇంకాస్త తిరిగితే గానీ కూచోకపోతే అది వెనకబడింది. గది బ్యారెల్‌కి సూటిగా లేకుండానే తూటా పేలి, అంచు మీద సీసం చిట్లుతుంది. ఆరు గదులకీ విడివిడిగా చూడండి. అయిదు బాగుండి ఆరోది చెడినవి నేను చూశాను. (ఆ ఆరో గదికి గోరురంగు చుక్క పెట్టుకుని, పోటీలో దాన్నే ఖాళీగా వదిలేసే మహానుభావుడు ఒకాయన ఉన్నాడు. సిరీస్‌కి అయిదే తూటాలు కాబట్టి సాగిపోయింది. అయినా అది వైద్యం కాదు.)

తర్వాత, లాగి నిలబెట్టిన హ్యామర్‌ని బొటనవేలితో ముందుకి గట్టిగా నెట్టండి. ట్రిగ్గర్ ముట్టకుండానే పడిపోతే ఎవరో లోపల ఆకురాయి పెట్టారని అర్థం. కొనొద్దు. సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సందు సన్నటి వెలుతురు గీతలా ఉండాలి, మందపాటి కాగితం దూరేంత. సిలిండర్‌ని ముందుకీ వెనక్కీ కదిపితే లొటలొట ఆడకూడదు. వెబ్లీ తరహాది అయితే పైగొళ్లెం, నడుమ మలుపు రెండూ పట్టుకుని ఊపి చూడండి. అక్కడ వదులైతే బ్యారెల్ ప్రతి షాట్‌కీ కొంచెం వేరే దిక్కు చూస్తుంది.

తూటా ముందు, సైట్ తర్వాత

ఈ వరస తప్పితే చేసిన పనంతా రెండోసారి చేయాల్సి వస్తుంది. రివాల్వర్‌లో తూటా బరువు, వేగం మారితే షాట్ పడే ఎత్తు మారుతుంది. తూటా బ్యారెల్ దాటే లోపే తుపాకీ పైకి లేవడం మొదలవుతుంది కాబట్టి, నెమ్మది తూటా చాలాసార్లు పైన పడుతుంది, వేగమైంది కింద పడుతుంది. అందుకని ఏ తూటా వాడతారో తేల్చుకోకుండా సైట్ ముట్టకండి.

మనకి మామూలుగా దొరికేది ఖడ్కీ ఫ్యాక్టరీ .32. రైఫిల్ అసోసియేషన్ ద్వారా విదేశీ వాడ్‌కట్టర్ దొరికితే అదృష్టం. వాడ్‌కట్టర్ ముక్కు చదునుగా ఉంటుంది, బెజ్జం కాగితం పంచ్ చేసినట్టు గుండ్రంగా పడుతుంది. గీత తాకిందా లేదా అన్న తగాదా వచ్చినప్పుడు ఆ శుభ్రమైన అంచు ఒక పాయింటు తెస్తుంది. ఏది దొరికినా, ఒకే లాటు (ఒకే విడత తయారీ) నుంచి ఏడాదికి సరిపడా, మీ లైసెన్సు పరిమితి లోపల, ఒకేసారి తీసుకోండి.

రేంజిలో ఇసుక సంచి మీద మణికట్టు ఆనించి అయిదేసి షాట్లు నాలుగు కార్డులు కాల్చండి. మీకు వీలు కాకపోతే చెయ్యి తిరిగిన వాళ్లతో వాళ్ల లైసెన్సు, రేంజి నియమాల ప్రకారం కాల్పించండి. నా విషయంలో జరిగింది అదే గదా. అయిదూ దగ్గరగా పడి, చోటు తప్పితే సైట్ సమస్య. చెల్లాచెదురైతే ఆయుధమో తూటానో చెడింది. సంచి మీద బాగుండి చేతిలో చెదిరితే సమస్య మీరే, దానికి మందు పిడి దగ్గర, ప్రాక్టీసు దగ్గర ఉంది.

పిడి: అసలు పని ఇక్కడే

ఫ్యాక్టరీ పిడి జేబులోంచి తీసుకోవడానికి చేసింది. అరచేతికి నడుమ బోలుగా ఉంటుంది, ట్రిగ్గర్ గార్డు వెనక మధ్యవేలు చోటు లేక పైకి పాకుతుంది. ప్రతి షాట్‌కీ పట్టు ఒక రవ్వ మారుతుంది. ఆ రవ్వే కార్డు మీద బెత్తెడు.

ముందు మీ చెయ్యి కొలుచుకోండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం ఉన్న లోతు నుంచి, చూపుడువేలి మొదటి కణుపు మెత్త నడుమ దాకా ఎంత? ఖాళీ రివాల్వర్ హ్యామర్ లాగి, పిడి వెనక అంచు నుంచి ట్రిగ్గర్ ముఖం దాకా ఎంత? రెండోది తక్కువైతే వేలు లోపలికి దూరిపోయి ట్రిగ్గర్‌ని పక్కకి లాగుతుంది, పిడి వెనక మందం పెంచాలి. ఎక్కువైతే వేలికొస మాత్రమే అందుతుంది, వెనక తగ్గించాలి. వేలు ట్రిగ్గర్ మీద ఉన్నప్పుడు దాని మొదలు ఫ్రేముకి (రివాల్వర్ ఇనుప చట్రానికి) రాసుకోకూడదు, వెలుతురు కనపడాలి.

పిడి చెక్కలు రెండూ ఒక మరతో బిగించి ఉంటాయి. అవి ఊడదీసి, రివాల్వర్‌ని బీరువాలో పెట్టి తాళం వేయండి. ఇక్కడినుంచి చెక్క పనే. ఫ్రేము అంచు ఆకారాన్ని ముందే అట్ట మీద గీసుకుని కత్తిరించి పెట్టుకోండి.

నేను పాత చెక్కల మీద ఎం-సీల్ ముద్ద పెట్టి, చేతికి పల్చటి పాలిథీన్ తొడుక్కుని, చెయ్యి చాచి టార్గెట్‌కి పట్టుకున్నట్టే పట్టుకుని అచ్చు తీశాను. కూర్చుని పిసికితే వచ్చేది కాఫీ గ్లాసు పట్టుకున్న చెయ్యి, షూటింగ్ చెయ్యి కాదు. నిలబడి, పక్కకి తిరిగి, చెయ్యి భుజం ఎత్తున చాచి, కళ్లు మూసుకుని పట్టు. అచ్చు గట్టిపడే దాకా మధ్యలో రెండు మూడు సార్లు వదిలి మళ్లీ పట్టుకోవాలి. ప్రతిసారీ వేళ్లు అదే గాళ్లలోకి పోతున్నాయా చూసుకోవాలి.

ఆ అచ్చుని ఉదయగిరి తీసుకుపోయాను. ఉదయగిరి చెక్క గరిటెలు, ఫోర్కులు తెలియని వాళ్లు మన జిల్లాలో ఉండరు. సన్నటి కాడల్ని ఆకురాయితో, ఉప్పుకాగితంతో అంత నున్నగా తీసే చేతులు ఇంకెక్కడ దొరుకుతాయి? చెక్కిన ఆమెకి రివాల్వర్ సంగతి చెప్పి, అచ్చూ, అట్ట ముక్కా, పాత చెక్కా చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది గరిటె కాడే గదా సార్, చెయ్యి ఎట్టడిగితే అట్ట తియ్యాల" అంది. ఒక్క మాటలో తేల్చేసింది.

చెక్క బాగా ఎండింది కావాలి. పచ్చిచెక్కతో చేయిస్తే మార్చి, ఏప్రిల్ ఎండలకి ముడుచుకుని ఫ్రేము దగ్గర సందు పడుతుంది. ఏం అడగాలంటే: ట్రిగ్గర్ గార్డు వెనక సందు నిండాలి, మధ్యవేలు దాని కింద ఆనాలి. అరచేతి బోలులోకి గుమ్మటంలా కొంచెం ఉబ్బు ఉండాలి. బొటనవేలికి చిన్న గట్టు కావాలి గానీ హ్యామర్ లాగడానికి వేలు పైకి పోయే దారి మూసుకోకూడదు. సెమీ ఆటోమేటిక్ పిస్టల్ పిడిని చూసి అచ్చం అలాగే చేయించుకున్న వాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. వేగం సిరీస్‌లో ప్రతిసారీ పట్టు వదిలితే గానీ హ్యామర్ అందదు. చిటికెనవేలి కింద అరచేయి ఆనడానికి మెట్టు పెట్టించుకోవచ్చు, కానీ అది పిడికి 90 డిగ్రీల కంటే తక్కువ కోణంలో చేతి మీదికి వంగి రాకూడదు. మణికట్టుని ఏ భాగమూ తాకకూడదు.

తర్వాత పెట్టె సంగతి. పోటీ రోజున పిడితో సహా మొత్తం ఆయుధం 300, 150, 50 మి.మీ. కొలతల పెట్టెలో పట్టాలి. పొడుగూ ఎత్తూ రివాల్వర్‌కి సమస్య కాదు. మందం 50 దగ్గరే చిక్కు. నాది మొదటిది 54 వచ్చింది. ఎంత ముచ్చటగా ఉన్నా నాలుగు మిల్లీమీటర్లు కోసుకోవాల్సి వచ్చింది. చెక్కించే ముందే అట్టతో ఆ పెట్టె చేసుకుని ఉదయగిరికి వెంట తీసుకుపోండి.

మెరుగు పెట్టించకండి. నున్నటి వార్నిష్ మన ఉక్కకి చేతిలో సబ్బులా జారుతుంది. అరచెయ్యి తగిలే చోట సూదిమొన ఉలితో సన్నటి చుక్కలు కొట్టించి, పల్చగా అవిసె నూనె రుద్ది ఆరబెట్టడం మేలు. నెల రోజులు వాడాక ఎక్కడ ఒరుసుకుంటుందో తెలుస్తుంది. అక్కడ ఉప్పుకాగితం, ఎక్కడ బోలుందో అక్కడ చెక్కలప్పం. ఒకసారికి ఒకే చోట, రవ్వంత. నాకు ఇది సరిపడటానికి మూడు నెలలు పట్టింది.

సైట్లు

పిడి కుదిరాకే సైట్. పట్టు మారితే షాట్ పడే చోటు మారుతుంది కాబట్టి.

ఇంటి రివాల్వర్‌కి సైట్లు కదలవు. ముందు సైట్ బ్యారెల్ మీద ఒక రెక్క, వెనకది ఒక గాడి. షాట్లు కిందికి పడుతుంటే ముందు సైట్ ఎత్తు తగ్గించాలి, పైకి పడుతుంటే పెంచాలి. కొత్తవాళ్లు దీన్ని తిరగేసి గుర్తుపెట్టుకుంటారు. ఎంత అన్నది లెక్క: కార్డు మీది తేడాని సైట్ల మధ్య దూరంతో గుణించి, 25,000తో భాగించండి, అన్నీ మిల్లీమీటర్లలో. నాది 160 మి.మీ. కింద, సైట్ల దూరం 110. వచ్చింది 0.7. అంత కాగితం మీద రాసిచ్చి, లైసెన్సున్న గన్‌స్మిత్ చేత ముందు 0.5 మాత్రమే తీయించి, రేంజిలో కాల్చి చూసి, మిగతాది తర్వాత తీయించాను. తీసిన ఇనుము మళ్లీ అంటుకోదు.

గురి ఎక్కడ పెట్టి కొలిచారో అదీ రాసుకోండి. నల్లగుండ్రం నడుమన పెట్టేవాళ్లు తక్కువ. నల్ల సైట్ నల్లటి దాంట్లో కలిసిపోతుంది. కింద తెల్లటి చోట, గుండ్రానికి అంటీ అంటకుండా సైట్ నిలబెడితే స్పష్టంగా కనపడుతుంది. అప్పుడు షాట్ గురి కంటే 100 మి.మీ.కి పైగా ఎగువన పడేలా సైట్ ఉండాలి.

వెనక గాడిలో ముందు రెక్కకి రెండు పక్కలా వెలుతురు సన్నగీతల్లా సమానంగా కనపడాలి. పాత రివాల్వర్లలో గాడి మరీ ఇరుకు. దాన్ని కొంచెం వెడల్పు చేయించడం వేగం సిరీస్‌లో చాలా సాయం చేస్తుంది.

మెరిసే సైట్‌కి మందు మన ఇంట్లోనే ఉంది. ఖాళీ రివాల్వర్‌ని తలకిందులుగా పట్టుకుని, కింద కర్పూరం బిళ్ల వెలిగించి, ఆ పొగ సైట్‌కి తగిలేలా క్షణం సేపు చూపించండి. కాటుక పట్టినట్టు చావునల్లగా అవుతుంది. ఇది నా కనిపెట్టుడు కాదు, పాత షూటర్లందరూ చేసేదే. పిడికి మంట దూరం, తూటాలు వేరే గదిలో.

నలభై దాటిన కళ్లకి ముందు సైట్ మసకేస్తుంది. టార్గెట్ మసగ్గా ఉన్నా ఫరవాలేదు, సైట్ మాత్రం కత్తి అంచులా కనపడాలి. కళ్ల డాక్టర్‌కి చెయ్యి చాచిన దూరం కొలిచి చెప్పి, ఆ దూరానికే అద్దం రాయించుకోండి.

ట్రిగ్గర్ జోలికి చివర్న, గన్‌స్మిత్‌తో

నిబంధన ప్రకారం ట్రిగ్గర్ కనీసం 1000 గ్రాములు మోయాలి. ఇంటి రివాల్వర్లలో హ్యామర్ లాగి పెట్టాక కూడా దానికి రెట్టింపు ఉంటుంది. చేతిలో ఉన్నంతలో తగ్గిద్దాం అని స్ప్రింగు ఒక చుట్టు కత్తిరించే వాళ్లుంటారు. దాంతో జరిగేది ఏమిటంటే హ్యామర్ దెబ్బ బలహీనపడి, గట్టి క్యాప్ (తూటా అడుగున దెబ్బకి అంటుకునే బిళ్ల) ఉన్న తూటా పేలదు. వేగం సిరీస్‌లో అయిదింట ఒకటి పేలకపోతే పాయింట్లు పోయే ప్రమాదం ఉంది. ఇంకా ఘోరం, హ్యామర్ కొక్కెం అంచుని సాన పడితే అది తనంతట తనే జారే ప్రమాదం. పైన చెప్పిన బొటనవేలి పరీక్షలో పోయేవి ఇవే.

గన్‌స్మిత్‌ని అడగాల్సింది తేలిక చేయమని కాదు, గరుకు పోగొట్టమని. గరగరలాడకుండా ఒకే తీరున వచ్చి తెగే (అంటే హ్యామర్‌ని వదిలే) 1500 గ్రాముల ట్రిగ్గర్, ఇసుకలో ఈడ్చినట్టు వచ్చే 1100 కంటే వెయ్యి రెట్లు నయం.

బరువు ఇంట్లోనే చూసుకోవచ్చు. కిలో వంటగది త్రాసు మీద నీళ్ల సీసాని, దాని కొక్కెంతో సహా సరిగ్గా 1000 గ్రాములు తూగేలా నింపండి. ఖాళీ రివాల్వర్ హ్యామర్ లాగి, బ్యారెల్ నిట్టనిలువుగా పైకి పట్టుకుని, ట్రిగ్గర్ నడుమ కొక్కెం తగిలించి, నేల మీది సీసాని మెల్లగా పైకి లేపండి. హ్యామర్ పడకుండా సీసా గాల్లో ఆగితే మీరు నెగ్గినట్టే. పోటీలో కూడా ఇదే పద్ధతి, మూడు అవకాశాలు ఇస్తారు.

గోడ ముందు నిలబడి

రేంజికి నెలకి ఒకసారి పోగలిగితే గొప్ప, నెల్లూరు నుంచి చెన్నయి 175 కిలోమీటర్ల పైచిలుకు. మిగతా రోజులు తెల్లగోడే రేంజి. అసలు తూటాలు ఆ గదిలో ఉండకూడదు, ఆయుధం రెండుసార్లు చూసుకోవాలి, గోడ అవతల మనుషులుండే గది కాకూడదు. సిలిండర్ గదుల్లో డమ్మీ తూటాలు పెట్టండి, తూటాని పొడిచే పిన్ను దెబ్బతినదు. .22 అయితే ఖాళీగా అస్సలు కొట్టకండి, పిన్ను గది అంచునే తాకి నొక్కు పడుతుంది.

గోడ మీద చుక్క కూడా వద్దు. సైట్ మాత్రమే చూస్తూ ట్రిగ్గర్ తెగనివ్వండి. తెగిన క్షణంలో సైట్ ఎటు కదిలిందో అదే మీ పాఠం. రోజూ ముప్ఫై చాలు, మూడొందలు చేసి చెయ్యి వణికించుకోవద్దు. వేగం సిరీస్‌కి ఫోనులో 7 సెకన్లు, 3 సెకన్లు బీప్ రికార్డు చేసి పెట్టుకోండి. 7 మొదలవగానే చెయ్యి దించి, బొటనవేలితో హ్యామర్ లాగి, పట్టు సరిచేసుకుని, చెయ్యి నిలువు గీత నుంచి 45 డిగ్రీలు మించకుండా కిందికి ఉంచి ఎదురుచూడాలి. బీప్ రాగానే చెయ్యి లేస్తుండగానే వేలు సగం బరువు తీసుకోవాలి, ఆగిన క్షణానికి మిగతా సగం. ఈ ముక్క రావడానికి నాకు ఒక వానాకాలం పట్టింది.

ఉప్పుగాలి

మన తీరంలో రివాల్వర్‌కి అసలు శత్రువు తుప్పు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫాను తేమ, మిగతా కాలం సముద్రం గాలి, వేసవిలో చెమట. కాల్చిన రోజే బ్యారెల్, ఆరు గదులూ బ్రష్ పెట్టి తుడిచి నూనె రాయండి. తోలు ఒరలో పెట్టి దాచకండి, తోలు తేమ పట్టి ఉంచుతుంది. నాన్న రివాల్వర్ మీద ఒక పక్క నీలిరంగు పోయి మచ్చలున్నది ఆ ఒర వల్లే. డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి, నెలకోసారి ఎండలో ఆరబెట్టండి. ఎన్నికలప్పుడు ఆయుధం డిపాజిట్ చేయాల్సి వస్తే, ఇచ్చే ముందు మందంగా నూనె పూసి నూనెగుడ్డ చుట్టి ఇవ్వండి. నేను ఒకసారి బద్ధకించి అలాగే ఇచ్చాను, తిరిగొచ్చాక సిలిండర్ ఇరుసు తిప్పడానికి పావుగంట పట్టింది.

పోటీ రోజు

ఆయుధ తనిఖీకి గంట ముందే వెళ్లండి. పెట్టె, బరువు, ట్రిగ్గర్ అయ్యాక ఆమోదించిన గుర్తు అంటిస్తారు. ఇక పోటీ అయ్యేదాకా నిబంధనకి అడ్డొచ్చే మార్పేదీ చేయకూడదు. లైసెన్సు అసలు కాపీ, సభ్యత్వ కార్డు, చెవుల రక్షణ, కళ్లజోడు, పిడి మరకి సరిపోయే స్క్రూడ్రైవర్, చెయ్యి తుడుచుకునే తువ్వాలు, తనిఖీకి ముందే కాటుక పట్టించుకోవడానికి కర్పూరం సంచిలో ఉండాలి.

గది ఆరు, తూటాలు అయిదు. హ్యామర్ లాగినప్పుడు సిలిండర్ తిరిగి పక్క గది వస్తుంది కాబట్టి, మూసేటప్పుడు ఖాళీ గది హ్యామర్ కింద ఉండాలి. అప్పుడు మొదటిసారి లాగగానే నిండు గది వస్తుంది, అయిదో షాట్ తర్వాత మళ్లీ లాగితే ఖాళీ వస్తుంది. మీ సిలిండర్ ఎటు తిరుగుతుందో ఇంట్లోనే డమ్మీలతో చూసి చెక్క మీద చిన్న బాణం గీసుకోండి. నేను తొలి పోటీలో ఖాళీ గదిని రెండు గదుల అవతల పెట్టాను. మొదటి షాట్ బాగానే పేలింది, రెండోదానికి టార్గెట్ తిరిగి 3 సెకన్లు నా వంక చూసి వెళ్లిపోయింది, రివాల్వర్ 'టక్' మంది.